రెండు రాళ్ళ పోస్ట్‌కార్డ్

పక్కింటి జపనీస్ ఆవిడ వాళ్ళమ్మ అస్థికలు ఎక్కడ కలపాలో తేల్చి చెప్పింది నేనే. కనుక్కోమని ఆవిడ అడిగిన మాట నిజమే. కానీ అంత గట్టిగా చెప్పమని నన్నెవరూ అడగలేదు.

అప్పటికి నా వర్క్ పర్మిట్ రెన్యూవల్ ఎక్కడో ఆగిపోయి, ఉద్యోగం ఊడి, ఫ్రీమాంట్‌లో ఇంట్లో ఈగలు తోలుకుంటూ కూర్చున్నాను. ఆవిడకి ఎనభై ఆరేళ్ళు. పుట్టింది కాలిఫోర్నియాలోనే; జపాన్ వెళ్ళింది లేదు, జపనీస్ చదవడం రాదు. నేను ఆంటీ అంటే మొదట్లో నవ్వేది, తర్వాత అలవాటు పడింది. ఒకరోజు బిస్కెట్ల డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. లోపల వాళ్ళమ్మ తెచ్చుకున్న పాత పోస్ట్‌కార్డులు పదకొండు, చేత్తో రంగులేసిన ఫొటోలు. ఆల్బమ్‌లో పట్టడానికని ఎవరో మహానుభావులు కింద అంచులు కత్తిరించేశారు. ఊళ్ళ పేర్లు వాటితోపాటే పోయాయి.

అందులోంచి ఒక కార్డు విడిగా తీసింది. సముద్రంలో రెండు రాళ్ళు, రెంటినీ కలుపుతూ లావుపాటి తాడు, మధ్యలో ఎర్రటి సూర్యుడు.

"ఇది మా తీరం అని అమ్మ చూపించేది. నాకు ఎనిమిదేళ్ళప్పుడు పోయింది. తనని అక్కడే కలపమంది. యుద్ధం రోజుల్లో నాన్న భయపడి కాగితాలన్నీ కాల్చేశాడు, మళ్ళీ ఆ ఊరి మాటే ఎత్తలేదు. ఇది ఎక్కడో తెలిస్తే, నేను పోయేలోగా అమ్మని తీసుకెళ్తాను" అంది.

ఆ అస్థికలు అన్నేళ్ళుగా ఆవిడ బెడ్‌రూమ్ అల్మరాలో ఉన్నాయట! మా ఇళ్ళల్లో పదిరోజులు తిరక్కుండా గోదావరిలో కలిపేస్తాం. ఇంట్లో అలా ఉంచకూడదాంటీ అని ఆవిడని తొందరపెట్టిందాన్ని కూడా నేనే.

మిగతా పది కార్డులు ఇట్టే పట్టేశాను. వంతెనల కమానులు లెక్కపెట్టాను, కొండల అంచుల్ని ఇప్పటి ఫొటోలతో పోల్చి చూశాను. ఆఫీసులో ఎప్పుడైనా ఇంత పని చేశావా అని మా ఆయన వేళాకోళం ఆడాడు. రాళ్ళ కార్డు కోసం వెతకగానే ఇసే అనే ఊరి దగ్గరి తూర్పు తీరం వచ్చింది. భార్యాభర్తల రాళ్ళంటారు వాటిని, జపాన్ అంతటా పేరున్నవి. వాటి మధ్యనుంచి సూర్యోదయం చూడటానికి జనం ఎగబడతారు. ఇంకేముంది, దొరికిపోయిందని ఎగిరి గంతేశాను. అక్కడ ఒక రాయి పెద్దది, రెండోది అందులో సగమే. మా కార్డులో రెండూ ఇంచుమించు సమానం. కెమెరా పెట్టిన చోటుని బట్టి అలా కనిపిస్తుందిలే అని సర్దేసుకున్నాను.

ఆవిడ మాత్రం కార్డుని కళ్ళ దగ్గర పెట్టుకుని, "నాకిది సాయంత్రంలా ఉంది" అంది.

"అబ్బే, సూర్యోదయమే ఆంటీ" అన్నాను. కాకినాడలో పుట్టి పెరిగినదాన్ని. సముద్రం మీద సూర్యుడు కనిపిస్తే తెల్లారిందనే నాకు తెలుసు. ఆవిడేమో పుట్టినప్పటినుంచీ పసిఫిక్‌లోకి దిగే సూర్యుణ్ణి చూసిన మనిషి. అలాంటి మనిషి మాట పూచికపుల్లలా తీసిపారేశాను.

జూన్‌లో కూతుర్ని వెంటబెట్టుకుని ఇసే వెళ్ళింది. పడవ మాట్లాడుకుని, కలిపి వచ్చింది. అమ్మ ఇంటికి చేరిందని నన్ను పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. గర్వంగా కూడా ఉంది, దాచడం దేనికి.

సెప్టెంబర్‌లో మా ఆయనా నేనూ హాఫ్ మూన్ బే బీచ్‌కి వెళ్ళాం. సూర్యుడు నీళ్ళలోకి దిగుతున్నాడు. అంతకుముందు ఎన్నిసార్లు చూడలేదు! ఆ రోజే ఎందుకో, సాయంత్రంలా ఉందన్న ఆవిడ మాట తట్టింది. అక్కడే ఇసుకలో కూర్చుని, ఈసారి సూర్యాస్తమయం అని చేర్చి ఫోన్‌లో వెతికాను. ఫుకుఓకా వైపు, పడమటి తీరం. రెండు రాళ్ళు, తాడు, ఇంచుమించు ఒకే ఎత్తు. కార్డులో ఎడమ రాయి నెత్తిన ఉన్న నొక్కుతో సహా అదే.

"ఇప్పుడు చెప్పి ఏం లాభం?" అన్నాడు మా ఆయన.

"నువ్వూరుకో" అని అరిచాను. నీళ్ళలో కలిపినదాన్ని ఎవరు వెనక్కి తేగలరు? ఒక్క కోరిక కోరి పోయింది ఆ తల్లి. ఆ ఒక్కటీ నా చేతుల మీదుగా నాశనమైంది.

మర్నాడు పొద్దున్నే చెప్పేద్దామని వెళ్ళాను. ఆవిడా కూతురూ డైనింగ్ టేబుల్ దగ్గర కాగితాలు పరుచుకుని ఉన్నారు.

"సమయానికి వచ్చావు. నేను పోయాక నన్నూ అమ్మ దగ్గరే కలపమని రాయిస్తున్నాను. ఆ ఊరు నువ్వు కనిపెట్టావు, పేరు నువ్వే రాయి" అని పెన్ను నా చేతిలో పెట్టింది.

ఆవిడ మొహంలో అంత నిశ్చింత అంతకుముందెప్పుడూ చూడలేదు. నిజం చెప్తే ఈ ముసలావిడ అమ్మ దగ్గరికి వెళ్ళాలా, అమ్మ ఊరికి వెళ్ళాలా? ఆ రెండూ ఒకచోట లేకుండా చేసింది నేను. చెప్పలేకపోయాను, పిరికిదాన్ని.

ఇసే అని రాశాను. తీసుకెళ్ళేవాళ్ళు దారి తప్పకూడదని, పక్కన రైలు దిగాల్సిన స్టేషన్ పేరు కూడా రాశాను.