భారజలంలో జిర్కోనియం

నాచారం ఫ్యాక్టరీల పక్కగా వెళ్తుంటే కాలిన లోహం వాసన కారులోకి వస్తుంది. అది తగిలినప్పుడల్లా నాకు శకుంతల మేడం గుర్తొస్తారు. ఉప్పల్ దగ్గరి ప్రయోగశాలలో నా మొదటి బాస్ ఆవిడ. పొద్దున్నే చిల్కానగర్ నుంచి స్కూటీ మీద వచ్చి, హెల్మెట్ తీయకుండానే, "ఏందమ్మా, తుప్పు పట్టిందా?" అని అడిగేవారు.

నిజానికి మా పని అదే. మామూలు హైడ్రోజన్‌కు బదులు దాని బరువైన ఐసోటోప్ ఉన్న నీరు భారజలం. ఒక ఫర్నేసులో మామూలు నీటి ఆవిరి, ఇంకోదానిలో భారజలం ఆవిరి పంపి, లోపల ఉంచిన జిర్కోనియం అనే లోహపు రేకులు ఆక్సైడ్ పట్టి ఎంత బరువు పెరిగాయో తూచేవాళ్లం. భారజలంలో ఆక్సీకరణ నెమ్మదిస్తుందని మేడం ఏళ్లుగా అంటున్నారు. ఏ నీళ్లయినా నీళ్లే కదా అని తోటివాళ్లు నవ్వేవారు.

ఒక వేసవిలో ఆ తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది. దగ్గరలోనే సెమినార్, నవ్వినవాళ్లంతా వస్తారు. నేను సంబరంగా వెళ్లి చూపించాను. మేడం అంకెలన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ పోయారు.

"నీళ్లు అటుదిటు, ఇటుదటు మార్చి మళ్ల జెయ్యి."

"ఇంత తేడా ఉంది కదా మేడం, మళ్లీ ఎందుకు?"

"గందుకే. మనకు నచ్చిన జవాబొస్తే జర ఎక్కువ అనుమానపడాలె."

మార్చి చేస్తే ఫలితం తిరగబడింది. ఈసారి భారజలంలోని రేకే ఎక్కువ బరువు పెరిగింది. ఒక ఫర్నేసు తన వేడిని తక్కువ చేసి చూపిస్తోంది, అందులో ఏ నీళ్లు పంపినా రేకు ఎక్కువ ఆక్సైడ్ పడుతోంది. మేం మురిసిపోయిన తేడా చాలావరకు దానిదే. నాకు ఏడుపొచ్చింది. మేడం ముఖం కూడా ఒక్క క్షణం వాడిపోయింది.

సెమినార్‌లో ఎవరూ అడగకముందే ఆవిడే లేచి, "మా లెక్క తప్పింది. ఫర్నేసు బాగుజేసి మళ్లొస్తం" అన్నారు. వెనక వరుసలో ఎవరో నవ్వారు. మధ్యాహ్నం క్యాంటీన్‌లో మాత్రం డబ్బా విప్పి, నా అన్నంలో చింతకాయ తొక్కు వేసి, తానూ కడుపునిండా తిన్నారు.

ఫర్నేసు సరిచేసి, నీళ్లు మార్చి మార్చి ఎన్నోసార్లు చేశాం. చివరికి సన్నటి తేడా ఒకటి మిగిలింది. ఏ ఫర్నేసులో పెట్టినా భారజలంలోని రేకే కొంచెం వెనకబడేది.

"గింతే ఉన్నది," అన్నారు మేడం, కళ్లు మెరుస్తుండగా. "గానీ గిది నీళ్లదే, ఫర్నేసుది గాదు."

ఆ తర్వాత నా ఫలితాలు తప్పిన రోజులు చాలానే వచ్చాయి. ప్రతిసారీ అందరి ముందూ ఆ మాట చెప్పేశాను. చెప్పి వచ్చి, ఆకలిగా అన్నం తిన్నాను.