చారలు చారలుగా వచ్చిన ఉత్తరం

మా చిన్నప్పుడు... ఇంటర్నెట్ చూడాలంటే అండమాన్‌లోని మా ఊరు చౌల్దారీలో బస్సెక్కి పోర్ట్ బ్లెయిర్ వెళ్లాలి. సముద్రం అడుగున కేబుల్ ఇంకా పడలేదు. నెట్ ఉపగ్రహం నుంచి దిగాలి... మబ్బు పడితే అదీ ఆగిపోయేది.

ఆ రోజు నానమ్మా నేనూ వెళ్లాం. శ్రీకాకుళం దగ్గర ఉండే నానమ్మ చెల్లెలికి గుండె ఆపరేషన్ అయింది. ఆ తర్వాత ఇరవై రోజులుగా కబురు లేదు, ఫోను కలవడం లేదు. ఓడలో ఉత్తరం ఎప్పటికొస్తుందో తెలీదని, ఆ ఇంటివాళ్లు దాన్ని స్కాన్ చేసి పోర్ట్ బ్లెయిర్ నెట్ షాపు మెయిల్‌కి పంపారు. ఆ షాపు భయ్యా మాకు కబురంపాడు.

నాన్న చేపల వేటకెళ్లాడు. అమ్మ పనికెళ్లింది. నానమ్మకు చదువు రాదు. ఇక మిగిలింది నేను... నాలుగో తరగతి, హిందీ మీడియం. సెలవుల్లో అమ్మ పలక మీద దిద్దించిన అక్షరాలే నా తెలుగు.

భయ్యా ఫైలు తెరిచాడు. తెర పైనుంచి కిందికి సన్నటి చారలు చారలుగా కాగితం దిగసాగింది. ముందుగా పైమూల కనబడింది... అక్కడ నల్లటి మరక.

నానమ్మ నా భుజం గట్టిగా పట్టుకుంది. మావాళ్లు శుభవార్త రాస్తే ఉత్తరం మూలలకు పసుపు పూస్తారు. చావు కబురైతే నలుపు.

"ఓలమ్మో... మూల నల్లగుంది సూడే! నా సెల్లి ఎల్లిపోనాదే!"

భయ్యాకు తెలుగు రాదు. ఏడుపు మాత్రం అర్థమైంది. "రోవో మత్ దాదీ... నెట్ స్లో హై. పూరా ఆనే దో." ఏడవొద్దు, మొత్తం రానివ్వు అంటున్నాడు.

"ఏటి రాసినారో సదువే తల్లీ..."

మొదటి వరుసలో సగం వచ్చి ఆగిపోయింది. "పూ..." అన్నాను. పక్కన జ కింద ఏదో వత్తు, సగమే దిగింది... నోరు తిరగలేదు. బయట మబ్బు కమ్మింది. తెర కదల్లేదు. నానమ్మ కళ్లు నా పెదాల మీదే ఉన్నాయి. తప్పు చదివితే అక్కడ చిన్న నానమ్మకు నిజంగానే ఏదో అయిపోతుందని భయమేసింది.

ఎంతసేపటికో మరో చార... ఇంకో చార.

"పూ... జ్యు... రాలైన... అప్పకి... నీ చెల్లి... నమస్కరించి... రాయునది."

మా వైపు అక్కను అప్ప అంటారు. నానమ్మ ఏడుపు ఆగింది.

"మల్లీ సదువు."

చదివాను.

"ఇంకోపాలి."

మూడోసారి తెర చూడకుండానే చెప్పేశాను.

కింది వరుసలు వచ్చాక తెలిసింది... చిన్న నానమ్మ లేచి తిరుగుతోందట. మనవరాలికి పెళ్లి కుదిరిందట. అందుకే నాలుగు మూలలా పసుపు రాసిందట. ఆ మాట హిందీలో చెప్పగానే భయ్యా తల కొట్టుకున్నాడు. "అరే, స్కాన్ బ్లాక్ అండ్ వైట్ హై!"

నానమ్మ కళ్లు తుడుచుకుంటూనే నవ్వేసింది. "అది పసుపు రాత్తే ఈ మిషను మసి సేసీసినాదా! దీని దుంప తెగ!"

ఇంటికెళ్లగానే వత్తులన్నీ రాసివ్వమని అమ్మ వెంటపడ్డాను. ఇప్పుడు కాలేజీలో తెలుగు చదువుతున్నాను... కొత్త మాట దొరికితే రోజంతా నోట్లో తిప్పుకుంటాను.

కేబుల్ వచ్చాక అప్పా చెల్లీ రోజూ వీడియోలోనే పోట్లాడుకుంటున్నారు. ఉత్తరమైనా, ఆసుపత్రి కాగితమైనా ఫోనే పైకి చదివి వినిపిస్తోంది. రేపు ఇంకెన్ని నేర్చుకుంటుందో... మంచిదే. ఎవరూ అన్ని రోజులు భయంతో ఉండక్కర్లేదు.

కానీ ఒక్క అక్షరం కోసం ఊపిరి బిగబట్టి నానమ్మ నా నోటి వైపు చూడటం... ఇప్పుడు లేదు.

మీరూ ఎవరికైనా ఉత్తరం చదివి పెట్టారా? అప్పుడు వాళ్లు మీ వైపు ఎలా చూశారో... రాయండి, నిదానంగా చదువుకుంటాను.