భూమన్న గుమ్మడికి నాలుగు మూవ్‌లు

2022 జూలై. దుబాయ్ సత్వాలో బస్టాండు వెనక సందులో నా మొబైల్ షాపు. పగిలిన స్క్రీన్లు మారుస్తాను, ఛార్జర్లు అమ్ముతాను. అవి అందరూ చేసే పనులే. నేనొక్కడినే చేసే పని ఇంకొకటుంది. దాని కోసం అద్దం తలుపు మీద తెలుగులో పెద్దక్షరాలతో రాయించి పెట్టాను: 'ఇచ్చట మూవ్‌సెట్లు కట్టబడును'. టైలరు బోర్డులా ఉందని మా ఆవిడ నవ్వింది. నవ్వనీ. మనిషి కొలత తెలియకుండా చెయ్యలేని పని మాది కూడా.

తెలియని వాళ్ళ కోసం చెబుతాను. ఫోన్లో ఒక ఆట ఉంది. వీధిలో నడుస్తుంటే తెర మీద వింత వింత జీవులు కనబడతాయి. వాటిని పట్టుకోవాలి, పెంచాలి, పక్కవాడు పెంచిన దాని మీదికి పోరుకు దించాలి. జీవి ఎన్ని విద్యలు నేర్చినా బరిలోకి నాలుగే తీసుకెళ్ళనిస్తారు. ఆ నాలుగింటి కూర్పునే మూవ్‌సెట్ అంటారు. నాలుగూ దెబ్బలే పెట్టుకుంటే ఎదుటివాడు తిరగబడినప్పుడు దిక్కుండదు. నాలుగూ కాపాడుకునేవే పెట్టుకుంటే ఆట సాయంత్రం దాకా తెమలదు. కోవిడ్ రోజుల్లో షాపు మూసుకుని అల్ నహ్దా ఫ్లాట్‌లో కూర్చున్నప్పుడు నేను ఈ విద్యలో పడ్డాను. అదే సమయంలో మా ఆవిడ కేకులు చెయ్యడం నేర్చుకుంది. ఎవరి విద్య లోకానికి ఎక్కువ పనికొచ్చిందనే వాదన మా ఇంట్లో ఇంకా తేలలేదు.

ఒకరోజు సాయంత్రం ఏడింటికి నలభై ఎనిమిదేళ్ళ మనిషి ఒకాయన షాపులోకి వచ్చాడు. నీలం డ్యూటీ బట్టలు, చేతిలో హెల్మెట్. షాపు ముందు ఉన్నది ఒక్కటే మెట్టు. ఆ ఒక్క మెట్టూ షట్టర్ పట్టుకుని ఎక్కాడు. ఫోను నా ముందు పెట్టి అన్నాడు:

"సార్, నా జీవానికి నాలుగు దెబ్బలు నేర్పాలె."

జీవం అంటే మేకో గొర్రో అనుకుని నేను కంగారుపడ్డాను. ఫోను తెరిచి చూపించాక కుదుటపడ్డాను. ఆయన పేరు భూమన్న. జగిత్యాల దగ్గర పల్లె. ఇక్కడ స్కాఫోల్డింగ్ ఫోర్‌మన్, అంటే కట్టే భవనం చుట్టూ ఇనుప పైపుల మంచె లేపే ముఠాకు పెద్ద. ఆయన జీవి ఒక తాబేలు. వీపు మీద చిప్పకు బదులు గుమ్మడికాయ ఉంటుంది. ఆటలో దానికేదో ఇంగ్లీషు పేరుంది గానీ ఆయనకు అది గుమ్మడే. నడక నత్తనడక, ఒళ్ళు మాత్రం గట్టిది.

"పోరు ఎవరితోనండీ?" అన్నాను.

"మా రూముల సాయిగానితోని. ఆనిది మంటల నక్క."

సాయికుమార్ నా పాత కస్టమరే. ఆ నక్కకు మూవ్‌సెట్ కట్టింది నేనే. గుమ్మడిది ఆకు జాతి. ఆ జాతి జీవులు మంటకు ఊరికే మాడిపోతాయి. గుమ్మడిని ఆ నక్క మీదికి పంపడమంటే పొయ్యిలోకి పంపడమే. ఇంకో జీవిని పట్టుకోమన్నాను. భూమన్న ఒప్పుకోలేదు. "దుబాయ్ల నాకు మొదలు దొరికింది గిదే సార్. దీన్నెట్ల ఇడిసిపెడుత?" అన్నాడు. ఇద్దరు ప్రత్యర్థులకూ ఒక్కడే సలహాదారుడు ఏమిటని మీరు అడగొచ్చు. డాక్టరు వీధిలో అందరికీ మందివ్వడా? నేనూ అంతే.

గెలిస్తే ఏం వస్తుందని అడిగాను. వాళ్ళ రూములో ఎనిమిది మంది, నాలుగు రెండంతస్తుల ఇనుప మంచాలు. కింది మంచం మీది ఒకాయన ఖలాస్ కొట్టించుకుని, అంటే ఉద్యోగం ముగించుకుని, ఊరెళ్ళిపోయాడు. ఆ ఖాళీ కోసం పైన పడుకునే నలుగురూ పోటీ, అందులో గట్టివాడు సాయే. వచ్చే ఆదివారం ఆటలో ఎవరు గెలిస్తే వాళ్ళకు కింది మంచం.

"మీరు పెద్దవారు. అడిగితే ఇచ్చేస్తారు కదండీ?"

"అడిగితే ఇస్తరు సార్. ఎందుకే మామా అని కూడ అడుగుతరు గద?"

నేను షట్టర్ వైపు చూశాను. ఆయన నా చూపు కనిపెట్టాడు. గొంతు తగ్గించాడు.

"మోకాలు సార్. సైట్ల పైపులెక్కుడు తక్కువనే, పోరగాళ్ళే ఎక్కుతరు. గీ మంచం నిచ్చెననే సంపుతున్నది. సువ్వలు సన్నగుంటయి. ఎక్కినప్పుడల్ల పానం పోతున్నది. రెండు నెలలైతే వీసా రెన్యువల్. ఫోర్‌మన్‌కు మోకాలు లేదని ముదీర్ చెవుల పడితే నేను గూడ ఖలాస్. పైలం, ఎవ్వలకు చెప్పకుండ్రి."

ముదీర్ అంటే ఇక్కడ మేనేజరు. నాకు జాలేసింది. ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళమని గట్టిగానే చెప్పాను. ఇరవై ఏళ్ళు ఇక్కడి ఎండలో భవనాలు లేపిన మనిషి, ఒక మంచం దిగువకు దిగడానికి గుమ్మడికాయను నమ్ముకుని వచ్చాడు. ఈ మూవ్‌సెట్ మాత్రం జాగ్రత్తగా కట్టాలనుకున్నాను.

మొదటి మూవ్ గార్డ్. ఆ టర్న్‌లో ఎదుటివాడి దెబ్బ తగలకుండా ఆపుతుంది. వెంటవెంటనే రెండుసార్లు వాడటం కుదరదు. ఇది వివరిస్తుంటే భూమన్న ముఖం వెలిగింది. "హుక్!" అన్నాడు. ఎత్తున పని చేసేవాళ్ళ నడుముకు బెల్టు, దానికి కొక్కెం ఉంటాయి. కొక్కెం తగిలించి ఒక అడుగు, మళ్ళీ తగిలించి మరో అడుగు వెయ్యాలి. ఆయనకు బాగా ఎక్కింది. రెండోది రాయి విసరడం. మంట జాతికి రాయి పడదు. మనకు గిట్టని జాతి కోసం ఇలాంటిదొకటి ఉంచుకోవడాన్ని కవరేజ్ అంటారు. మూడోది దొర్లడం, ఊరికే మామూలు దెబ్బ. నాలుగోది ఏం పెడదామని ఆలోచిస్తుంటే ఆయనే చెప్పాడు.

"సార్, మొదలైతె పండవెట్టాలె. పండవెట్టినంకనే కొట్టాలె. గది లేకుంటె సాయిగాన్ని గెలుసుడు కాదు."

నేను కుర్చీలోంచి లేచినంత పని చేశాను. ఎందుకంటే గుమ్మడి తాబేలుకు రైపెన్ అని ఒక మూవ్ నిజంగానే ఉంది. అది వాడినప్పుడల్లా వీపు మీది కాయ మరికాస్త పండుతుంది, తర్వాత కొట్టే దెబ్బ బలం రెట్టింపవుతుంది. ముందు బలం కూడగట్టుకుని తర్వాత కొట్టడాన్ని మా వృత్తిలో సెటప్ అంటారు. ఇది చాలామందికి తట్టదు. మాది కోనసీమ. మా నాన్న అరటి గెలలు పండబెట్టి సంతకు పంపేవాడు. పండబెట్టడం అన్న మాట వినగానే నాకు ఇంటి వెనక అరటి కొట్టు వాసన వచ్చేసింది.

"ఆయ్, భలే పట్టేశారండీ! పండబెట్టాకే కొట్టాలి!" అన్నాను.

"గంతే గద సార్!" అన్నాడు.

భూమన్నకు తెలుగు చదవడం వచ్చు, ఇంగ్లీషు రాదు. అందుకని తెర మీది బటన్ల రంగులను బట్టి చీటీ రాసిచ్చాను. నీలం: హుక్. ఆకుపచ్చ: పండబెట్టడం. గోధుమ: రాయి. నారింజ: దొర్లడం. ఆయన చీటీ రెండుసార్లు చదువుకుని, తృప్తిగా తలూపి, మడిచి హెల్మెట్ లోపల పెట్టుకున్నాడు. "మొదట ఆకుపచ్చ నొక్కండి. సాయి పెద్ద మంటను మొదటే వాడడు, వద్దని నేనే నేర్పాను," అని కూడా చెప్పాను.

ఆదివారం మధ్యాహ్నం నన్ను రెఫరీగా పిలిచారు. ఇద్దరికీ గురువును కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేదన్నారు. భూమన్న మొదటి పోటీదారుడు ఓవర్‌టైమ్ మీద సైటుకు పోవడంతో మన మనిషి చెయ్యి కదపకుండానే ఫైనల్‌కు వచ్చేశాడు. అవతల సాయి తన పోటీదారుణ్ణి ఓడించి వచ్చాడు. రూము మధ్యలో బకెట్ బోర్లించి, దాని మీద రెండు ఫోన్లూ పెట్టారు. గోడ పక్కన ఖాళీగా ఉన్న కింది మంచం వైపు భూమన్న ఒకసారి చూసి కళ్ళు తిప్పుకున్నాడు.

"మామా, గుమ్మడికాయ కూర ఎట్ల వండుత సూడు," అన్నాడు సాయి. రూమంతా గొల్లుమంది. ఆ ఊపులో వాడు నేను నేర్పిందంతా గాలికొదిలేసి మొదటి టర్న్‌లోనే పెద్ద మంట నొక్కాడు. కానీ భూమన్న ఆకుపచ్చ నొక్కలేదు. నీలం నొక్కాడు.

"హుక్ పెట్టకుంట అడుగేసుడు నాకు అలవాటు లేదు సార్," అన్నాడు నా వైపు చూడకుండానే. మంట గార్డ్‌కు తగిలి చల్లారింది. నా ప్లాను ప్రకారం వెళ్ళుంటే గుమ్మడి కథ అక్కడే ముగిసేది.

పెద్ద మంట కొట్టాక నక్కకు ఒక టర్న్ రీచార్జ్. అంటే ఆ టర్న్‌లో ఏమీ చెయ్యకుండా కళ్ళు మూసుకుని ముడుచుకుని ఉంటుంది. అదే టర్న్‌లో భూమన్న ఆకుపచ్చ నొక్కాడు. కాయ పచ్చరంగు నుంచి పసుపులోకి తిరిగింది. ఆయన కాయను చూడనే లేదు. నక్కను చూసి కేక పెట్టాడు.

"పండుకున్నది! నక్క పండుకున్నది!"

పండుకున్నదా? అప్పుడు వెలిగింది నాకు. భూమన్న ఊళ్ళో పండవెట్టడమంటే నిద్రపుచ్చడం! ఆయన అడిగింది ఎదుటి జీవిని నిద్రపుచ్చే మూవ్. ఆటలో అలాంటివి బోలెడున్నాయి. నేను ఇచ్చింది కాయను మాగబెట్టే మూవ్. ఒకే మాటను చీటీ మీద రాసి ఒకడు, చదివి ఒకడు ఇద్దరమూ సంతోషపడ్డాం. రెఫరీ నోరు విప్పకూడదు.

"పండుకోలే మామా, రీచార్జ్ అయితున్నది," అన్నాడు సాయి.

"నీకట్లనే అనిపిస్తది బిడ్డా."

నిద్రపోతోంది కదా అని ఇప్పుడు రాయి విసురుతాడేమో, సగం పండిన కాయ బలం చాలదే అని నేను లోపల గింజుకుంటున్నాను. భూమన్న తాపీగా నీలం మీద వేలు పెట్టాడు. "నిద్రలకెళ్ళి లేసినోడు మొదలు తంతడు. హుక్." సాయి మళ్ళీ పెద్ద మంటే కొట్టాడు. మళ్ళీ చల్లారింది. నక్క మళ్ళీ ముడుచుకుంది. "ఇంకింత పండవెడుత. సగం నిద్ర మంచిగుండది," అంటూ మళ్ళీ ఆకుపచ్చ. కాయ నారింజ రంగుకు వచ్చి నిగనిగలాడింది. మళ్ళీ హుక్. మూడో మంటా వృథా. సాయికి పౌరుషం పెరిగే కొద్దీ బుర్ర పనిచెయ్యడం మానేసింది. వాడు పెద్ద మంట మార్చి ఓ చిన్న దెబ్బ కొట్టినా లెక్క తప్పేది.

నక్క మూడోసారి కళ్ళు మూసుకుంది. "ఇగ సాలు, యల్లా," అని భూమన్న గోధుమ బటన్ నొక్కాడు. నాలుగింతల బలంతో వచ్చిన రాయి తెరంతా నిండిపోయింది. అది పక్కకు తప్పుకునేసరికి నక్క లేదు.

సాయి తెర మీదికి వంగి అడిగాడు, "సార్, గా గుమ్మడికాయ గంత ఎర్రగెందుకైంది?"

తన మూవ్ ఏం చేస్తుందో ఆటగాడికి తెలిసి ఉండాలని నిబంధనల్లో ఎక్కడా లేదు. నేను భూమన్న గెలిచినట్టు ప్రకటించాను. సాయి కాసేపు మూతి ముడుచుకున్నాడు గానీ, భూమన్న పరుపూ దుప్పటీ పైనుంచి కిందికి దించింది వాడే.

రెండు వారాల తర్వాత భూమన్న షాపుకు వచ్చాడు. ఇంటి నుంచి ఎవరో తెచ్చిన సకినాలు ఒక డబ్బాలో పట్టుకొచ్చాడు. ఈసారి షట్టర్ పట్టుకోలేదు. డాక్టరు ఇచ్చిన మోకాలి బెల్టు ప్యాంటు లోపల వేసుకున్నాడట, మంచం నిచ్చెన తప్పాక నొప్పి సగానికి దిగిందట. సెప్టెంబరులో వీసా కూడా రెన్యువల్ అయింది, అది తర్వాతి మాట. ఆ రోజు మాత్రం నేను సకినం కొరకకముందే నిజం చెప్పేశాను. మీరు అడిగింది ఒకటి, నేను కట్టింది ఒకటి, అదృష్టం బాగుండి గట్టెక్కాం అన్నాను. నన్ను క్షమించమని కూడా అన్నాను.

ఆ రోజు నుంచి నేను ఎవరికి మూవ్‌సెట్ కట్టినా, కావలసిందేమిటో నోటితో చెబితే ఒప్పుకోను. లేచి నిలబడి చేసి చూపించమంటాను. షాపులో పెద్ద పెద్ద మనుషులు కళ్ళు మూసుకుని గురక పెట్టి చూపిస్తుంటే దారిన పోయేవాళ్ళు ఆగి చూస్తారు. ఇంకొకటి కూడా నేర్చుకున్నాను. నాలుగు మూవ్‌లూ నేను కట్టగలను గానీ, ఏది ఎప్పుడు నొక్కాలన్నది ఆ మనిషి ఇన్నేళ్ళ పనిలో నుంచే వస్తుంది. హుక్ లేకుండా అడుగెయ్యని మనిషికి నా ప్లాను అక్కర్లేకపోయింది.

ఆ రోజు భూమన్న నేను చెప్పిందంతా విని ముందు తెల్లబోయాడు. తర్వాత హెల్మెట్ లోంచి చీటీ తీసి, 'పండబెట్టడం' అన్న మాట మీద వేలు పెట్టి, కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు.

"తప్పేం రాసినవ్ సార్? కాయను పండవెట్టినవ్, నన్ను గూడ కింద పండవెట్టినవ్."