రెప్ప మీద మచ్చ

"పిల్ల కుడిరెప్ప మీద ఎర్రమచ్చ ఉండేదేటే?"

"నీకెవులు సెప్పినారు?"

"ఎవులూ సెప్పనేదు. ఇప్పుడే నూనెలో కనపడింది."

"పొద్దున్నే ఆ మాటలేటి! డ్యూటీకి ఆలీసమవతంది, ఎల్లు."

నా భర్తా నేనూ ఆఖరుగా మాట్లాడుకున్న మాటలు ఇవే. నాకు చదువు అంతంత మాత్రం. నేను చెబుతుంటే నా తమ్ముడి కూతురు సుజాత రాస్తోంది. దెయ్యాలు, ఆత్మలు ఉన్నాయంటే నేను ఏనాడూ నమ్మలేదు. నమ్మింది ఒక్క నక్షత్రాన్ని. ఆ నమ్మకమే నా పిల్లను తినేసింది.

మాది శ్రీకాకుళం వైపు. ఆయన బెంగాలీల ఊళ్లో, ఖిదిర్‌పూర్ ఓడల డాకులో బస్తాలు మోసేవాడు. పెళ్లైన ఏడేళ్లకు, మేముండే గదిలోనే, ఆడపిల్ల పుట్టింది. మూలా నక్షత్రం, తండ్రికి గండం అన్నారు. ఇరవై ఏడో రోజున శాంతి చేసి, గిన్నెలో నూనె పోసి, అందులో పిల్ల నీడను తండ్రికి చూపించాలి. అందాకా ఆయన పిల్ల ముఖం చూడకూడదు. గది మధ్య నా పాత చీర అడ్డం కట్టాను.

పిల్ల కుడిరెప్ప మీద బియ్యపు గింజంత ఎర్రమచ్చ ఉంది. అది చూస్తే ఇంకో దోషం అంటగడతారని, మంత్రసాని కంట పడకముందే రెప్పంతా కాటుక పూసి కప్పేశాను.

"నా కూతురికి నామీద ఇంత కోపమేటే, మొకమే సూపదు?" అని చీర అవతల నుంచి నవ్వేవాడు.

ఆరో రోజు పిల్ల పాలు తాగడం మానేసింది. పాదాలు చల్లబడ్డాయి. ఏడవడం కూడా లేదు.

"సడీ సప్పుడూ నేదేటి? నానెత్తుకుని ఆసుపత్రికి ఎలిపోనా?"

పడుకుంది, లేపకు అన్నాను. ఎత్తుకుంటే ముఖం చూసేస్తాడని నా భయం. రెండు రోజులు అలాగే గడిపాను.

ఎనిమిదో రోజు తమ్ముణ్ణి పిలిచి టాక్సీ ఎక్కాం. ఆయన ముందు సీట్లో కూర్చున్నాడు. భవానీపూర్ ఆసుపత్రి దాకా ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. వార్డులోకి మగవాళ్లను రానివ్వలేదు. పిల్ల రక్తంలోకి ఇన్‌ఫెక్షన్ పాకిపోయిందని, పాలు మానిన రోజే తేవాల్సిందని డాక్టరమ్మ బెంగాలీలో చెప్పింది. ఆ చిన్న చేతికి సూది గుచ్చారు. మర్నాడు మధ్యాహ్నం నా ఒళ్లోనే పోయింది.

గుడ్డలో చుట్టి తమ్ముడు మోసుకెళ్లాడు.

"పోయిన పిల్లకింకా దోసమేటి? ఒక్కపాలి సూడనీండి!" అని ఆయన ఏడ్చాడు. పెద్దవాళ్లు పట్టుకుని ఆపారు. చూడనివ్వండి అని నేనూ అనలేదు. రెప్ప మీద కాటుక చెరగకుండానే పిల్ల మట్టిలోకి పోయింది.

పన్నెండేళ్లు గడిచాయి. మళ్లీ పిల్లలు పుట్టలేదు. మచ్చ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, తమ్ముడికి కూడా.

ఆఖరి రోజు పొద్దున ఆయన స్నానానికి ముందు ఒంటికి రాసుకోవడానికి ఆవనూనె గిన్నె దగ్గర పెట్టుకున్నాడు. రాసుకోకుండా చాలాసేపు అందులోకే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత తలెత్తి ఆ మాట అడిగాడు. ముఖం నవ్వుతోంది. నాకు భయమేసి కసిరి పంపేశాను.

పదకొండు గంటలకు డాకులో ఒక బస్తా దింపి, దాని మీదే కూర్చుని ఇక లేవలేదట. గుండె ఆగిందన్నారు.

ఏదో భ్రమ పడ్డాడనుకుంటే మచ్చ సంగతి ఎలా తెలిసింది? ముఖం చూసినందుకే గండం తగిలిందా? ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు. ఆ గిన్నె ఇంకా నా దగ్గరే ఉంది. ఇప్పటికీ నూనె పోసి చూస్తాను. నా ముఖమే కనిపిస్తుంది. తొమ్మిది రోజులు ఎత్తుకున్నదాన్ని, నాకెందుకు కనపడదు?

సుజాతా, మొదట్నించి ఒకపాలి సదువమ్మా. ఆయన మొకం నవ్వుతోందని సెప్పినాను, ఆ మాట రాసినావో నేదో సూడు.