సీటు కింద ఊపిరి

దయ్యాల మాటెత్తితే నవ్వే మనిషిని నేను. మాది మార్కండి అనే పల్లె, సముద్రం మీద బతికే కుటుంబం. నీళ్ళలో పోయినవాళ్ళని ఎంతోమందిని ఎరుగుదును. ఒక్కరూ తిరిగొచ్చి తలుపు తట్టలేదు. అందుకే ఈ సంగతి చెప్పాలంటే నాకే అదోలా ఉంటుంది.

మా గంజాం కొత్తగా ఒరిస్సాలో కలిసిన రోజులవి. మా ఆయన అన్న, నాకు బావ, రంగూన్లో పనిచేసి వచ్చి ఒక పాత కారు కొన్నాడు. చేపల బుట్టలు బరంపురం తోలేవాడు. దాని పెట్రోలు ట్యాంకు ముందు సీటు కిందే ఉండేది. పెట్రోలు పోయాలంటే సీటు ఎత్తాల్సిందే. బావకి ఒక అలవాటుండేది. ఇంజను లేపే హ్యాండిల్ తిప్పేముందు సీటు ఎత్తి, ట్యాంకు మూత తీసి, నోటి దగ్గర పెట్టుకుని గట్టిగా ఊది, మళ్ళీ బిగించేవాడు. ఎందుకని మేమెవరం అడగలేదు. అదొక మొక్కు అనుకున్నాం.

ఒకనాడు బావ చేపల వేటకి వెళ్ళి రాలేదు. పడవ ఒక్కటే ఒడ్డుకి కొట్టుకొచ్చింది. మా అత్త దాన్ని మళ్ళీ నీళ్ళలో దింపనివ్వలేదు. మా ఇంటి ముందు ఇసుకలో అలాగే పడి ఉండేది. కారు మా ఆయన చేతికొచ్చింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకే మా పాపకి గొంతు వాచింది. గాలి పీల్చినప్పుడల్లా కుక్కపిల్ల మూలిగినట్టు చప్పుడు. పొద్దెక్కేసరికి పెదాలు నల్లబడ్డాయి. బరంపురం ఆసుపత్రికి చేరిస్తే బతుకుతుంది. లేకపోతే లేదు.

మా ఆయన సీటు ఎత్తి పెట్రోలు పోసి మూత బిగించాడు. ఇంతలో అత్త పసుపు గిన్నె పట్టుకొచ్చింది. మా వాళ్ళు పడవ ముక్కుకి పసుపు మెత్తకుండా కదలనివ్వరు.

“ఒరే, దీనికి ముక్కేదిరా?” అంది.

“ముక్కు నేదమ్మా, నోరుంది. ఇదిగో, సీటు కింద.”

“కూకున్నోడి కింద నోరేట్రా దీనికి, దిక్కుమాలిన బండి!” అంటూనే మూతంతా ముద్దగా మెత్తింది. కళ్ళు తుడుచుకుంటూ, “నా మనవరాల్ని తిన్నగా సేర్చవే తల్లీ” అని కారుకి దండం పెట్టింది. నేను కళ్ళారా చూశాను. ఆ మూత మీద సీటు వేసి, పాపని ఒళ్ళో పెట్టుకుని నేనే కూర్చున్నాను.

మొగలి పొదల దారిలో కొంత దూరం వెళ్ళగానే ఇంజను దగ్గి ఆగిపోయింది. మా ఆయన ప్లగ్గు ఊడదీసి ఇంజను మీద ఆనించి హ్యాండిల్ తిప్పి చూశాడు. నిప్పురవ్వ బాగానే వస్తోంది. అయితే పెట్రోలే అందటం లేదన్నాడు. కింద గొట్టం విప్పి నోటితో ఊదాడు. బండి లేచింది. కొంచెం పోయి మళ్ళీ ఆగింది.

మిట్టమధ్యాహ్నం. దారి మీద పిట్ట లేదు. మొగలి వాసన, పెట్రోలు వాసన కలిసిపోయాయి. ఆయన ఇంజను కింద దూరి గొట్టం మళ్ళీ విప్పాడు.

“సుక్క రాట్లేదే,” అన్నాడు. “నిండా పోసినాను కదే!”

“పాప ఊపిరి ఆగిపోతందయ్యా, ఏదోటి సెయ్యి!” అని అరిచాను.

అప్పుడు వినిపించింది. పొడుగ్గా, లోతుగా, ఎవరో గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు. పాప ఆఖరి ఊపిరి అనుకుని దాని ముక్కు దగ్గర వేలు పెట్టాను. చప్పుడు పాపది కాదు. నా కిందనుంచి వస్తోంది. తొడల కింద సీటు చల్లగా అయిపోయింది. పాపని గుండెకి అదుముకుని అలాగే కూర్చున్నాను.

“వచ్చేసింది! పెట్రోలు వచ్చేసిందే!” అని కిందనుంచి ఆయన కేక. గొట్టం బిగించి, ముఖమంతా పెట్రోలుతో లేచొచ్చి హ్యాండిల్ తిప్పాడు. ఒక్క తిప్పుకే లేచింది. బరంపురం దాకా ఇంక ఆగలేదు. దారంతా నేను ఆ సీటు మీంచి లేవలేదు.

డాక్టరు పాప గొంతులో గొట్టం పెట్టి ఊపిరి ఆడించాడు. గండం గడిచింది.

పాప కాస్త తేరుకున్నాక ఆయన పెట్రోలు చూద్దామని సీటు ఎత్తాడు. ట్యాంకు నోరు తెరిచి ఉంది. మూత లేదు. సీటు కింద, కాళ్ళ దగ్గర, ఎక్కడా లేదు.

ఆ ఊళ్ళో ఒక మేస్త్రీ చిల్లి పొడిచిన చెక్క బిరడా పెడుతూ చెప్పాడు. మూతకి సన్నని చిల్లి ఉంటుందట. అందులోంచి గాలి లోపలికి పోతేనే పెట్రోలు కిందికి దిగుతుందట. మా అత్త పసుపు ఆ చిల్లిని పూడ్చేసింది. బావ ఊదేది ఆ చిల్లినే.

పాపని తీసుకుని ఇంటికొచ్చాం. అత్త ఎదురొచ్చి, పాపని ముద్దాడి, ఆయన మీద విరుచుకుపడింది. “బండి నోరు పడవలో ఒగ్గేసి ఎల్నావేట్రా?”

పడవ దగ్గరికి పరుగెత్తాం. బావ కూర్చునే చోట మూత పెట్టి ఉంది. దాని మీద పసుపు అలాగే ఉంది. చిల్లి దగ్గర మాత్రం లేదు, ఊదేసినట్టు.

“మేం బయలెల్లినాక ఇక్కడికి ఎవులొచ్చినారమ్మా?” అన్నాడాయన.

అత్త పడవ పక్కన ఇసుకలో కూలబడి, పెద్దకొడుకు పేరు పెట్టి పిలిచింది.

ఆ మూత మళ్ళీ కారుకి బిగించలేదు. ఆ సీటు మీద నేను మళ్ళీ కూర్చోలేదు. కారెందుకు ఆగిందో మేస్త్రీ చెప్పాడు. నేను కూర్చుని ఉండగా నా కిందనుంచి ఆ మూత ఎవరు తీశారో చెప్పేవాళ్ళు ఇంతవరకూ దొరకలేదు.