రంగు మేస్త్రి నాలుక

మా పెదనాన్న అద్దకం మిల్లులో రంగు మేస్త్రి. రంగు పాళ్లు కుదిరాయో లేదో నాలుకకు చుక్క తగిలించుకుని చెప్పేవాడు. మిల్లుకు విదేశీ కంపెనీతో పొత్తు కుదిరినప్పుడు, రంగుల్లో ఏమేం కలుస్తాయో బయట చెప్పనని యజమాని ఆయనచేత వేలిముద్ర వేయించుకున్నాడు.

చివరికి నాలుక మీద పుండు లేచింది. "ఏం కలిపారో తెలిస్తేగానీ సరైన మందివ్వలేను" అన్నాడు డాక్టరు. పెదనాన్న చెప్పలేదు. "ముద్ర వేశాక మాట తప్పమంటావట్రా?" అని నా మీదే విరుచుకుపడ్డాడు.

వెళ్లి యజమాని కాళ్లావేళ్లా పడ్డాను. ఆ పాళ్ల చీటీని విదేశీయులకు తానే పంపిన పెద్దమనిషి, "అది కంపెనీ రహస్యం బాబూ, చట్టం ఒప్పుకోదు" అన్నాడు.

నాలుక తీసేశారు. మర్నాడు యజమాని ఆస్పత్రికి వచ్చి, వేలిముద్ర కాగితాన్ని పెదనాన్న చేతిలో పెట్టాడు.

"ఇక దీంతో పనిలేదులే, మేస్త్రీ."