కాగడా పట్టిన తల్లి

మా అల్లుడి ఆఫీసు పెద్ద భవనంలోకి మారినప్పుడు, పాతచోట పారేస్తున్న పటం ఒకటి అతను యీషున్‌లోని ఫ్లాట్‌కి తెచ్చాడు. అప్పట్లో కంప్యూటరు కంపెనీలు అంతే, ఇవాళ ఒకచోట, రేపు ఇంకోచోట. మా అమ్మాయి జబ్బుచేసి పోయి అప్పటికి ఏడాది తిరగలేదు. దాని కూతుర్ని చూసుకోవడానికి నేను సింగపూర్ వచ్చి ఉన్నాను.

పటం నల్లసిరాతో అచ్చువేసింది. అంచు చుట్టూ పళ్లగుత్తులు, తీగలు, రెక్కలున్న బొద్దు పిల్లలు. నడుమ రథం మీద ఒకావిడ, తలలో గోధుమ వెన్నులు. వెన్నులు చూడగానే ధాన్యలక్ష్మి అనుకున్నాను. దేవుడి అలమర పక్కన తగిలించి, శుక్రవారం శుక్రవారం అద్దం మీద బొట్టు పెట్టేదాన్ని.

మా ఇంట్లో ఒక గదిలో అద్దెకున్న అమ్మాయి యూనివర్సిటీలో పాత బొమ్మల మీద పరిశోధన చేసేది. ఆ బొట్టు చూసి పడీ పడీ నవ్వింది.

"ఈవిడ లక్ష్మి కాదు ఆంటీ, గ్రీకుల దేవత! రాగిరేకు మీద గీసి అచ్చొత్తారు. వెండి పళ్లేలు, కుర్చీలు చెక్కేవాళ్లకి నమూనా అన్నమాట."

"మన చీరంచుల నమూనాల్లాగా? బానే ఉంది. మరి చేతిలో ఆ కాగడా ఎందుకమ్మా?"

ఆ అమ్మాయి నవ్వు ఆగిపోయింది. "కూతుర్ని వెతుక్కుంటోంది ఆంటీ."

పూలు కోసుకుంటున్న పిల్లని పాతాళరాజు ఎత్తుకుపోయాడట. తల్లి లోకమంతా తిరిగిందట. ఆవిడ దుఃఖానికి పైర్లు మాడిపోయాయట. చివరికి దేవుళ్లు దిగివచ్చి, ఏటా కొన్ని నెలలు కూతుర్ని తల్లి దగ్గరికి పంపేట్టు ఒప్పించారట. ఆ పిల్ల వచ్చినప్పుడే చెట్లు చిగురిస్తాయట.

ఎన్నో కథలు చెప్పినదాన్ని, ఈ కథకి ఊఁ కొట్టలేకపోయాను. కింద కూర్చుని రంగులేసుకుంటున్న మనవరాలు కూడా వింటోందని మా ఇద్దరికీ తట్టనేలేదు.

మర్నాటినుంచి అది బడినుంచి రాగానే కిటికీ దగ్గర నిలబడి కింద చెట్లకేసి చూడ్డం మొదలుపెట్టింది. ఒకరోజు నా దగ్గరికొచ్చింది.

"అమ్మమ్మా, ఇక్కడ ట్రీస్ ఎప్పుడూ గ్రీనే కదా. మరి అమ్మకి ఎప్పుడు రావాలో ఎలా తెలుస్తుంది?"

ఇంకో కథ అల్లి పొద్దుపుచ్చగలను. కానీ అది రోజూ ఆ కిటికీ దగ్గర నిలబడుతుంది. ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను.

"మీ అమ్మ రాదు తల్లీ. ఆ పిల్ల తిరిగి రావడం కథలోనే."

అది ఏడవలేదు. నా మొహంలోకి చూసింది.

"నువ్వు వెతికావా?"

ఆస్పత్రిలో చెయ్యి పట్టుకుని నేను చూస్తుండగానే పోయింది నా బిడ్డ. ఎక్కడని వెతుకుతాను?

"వెతికానమ్మా" అన్నాను. "ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నాను."